ఆగండిగారి ఆఖరి జత

ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉండాలి. కరెంటు బిల్లు మీద ఆ పేరు అచ్చవుతూనే ఉండాలి. కాని వీధిలో ఆయనను ఆ పేరుతో పిలిచినవారు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన ఆగండిగారు. బాగుచేయించుకున్న యాంప్లిఫయరును తీసుకుపోవడానికి వచ్చినవారు దాని పిడి మీద చెయ్యి వేయబోగానే ఆయన నోటి నుంచి వెలువడే మొదటి మాట అది.

"ఆగండి. వేడెక్కనివ్వండి."

ఆ మాట అని, యంత్రాన్ని ఆన్‌లోనే ఉంచి, దాని వెనకవైపు వరుసగా నిలబడి ఉండే అల్యూమినియం రెక్కల మీద చూపుడువేలి వెనకభాగాన్ని ఆనించి, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చునేవారు. పిల్లవాడికి జ్వరం ఉందో లేదో మెడ కింద చెయ్యి పెట్టి చూసే తల్లి ముఖంలో ఎంత శ్రద్ధ ఉంటుందో ఆయన ముఖంలోనూ అంతే ఉండేది. వచ్చినవారు కాసేపు నిలబడేవారు, తరవాత స్టూలు మీద కూర్చునేవారు, ఆ తరవాత టీ తాగి వస్తామని వెళ్ళేవారు. భోజనం చేసి, కునుకు తీసి, తిరిగివచ్చినవారు కూడా ఉన్నారు. అప్పటికీ ఆయన వేలు అక్కడే ఉండేది. విసుక్కున్నవారు చాలామందే గాని, తీసుకుపోయినదాన్ని మళ్ళీ మోసుకొచ్చినవారు తక్కువ.

ఆయన దుకాణం ఇంటి ముందుగదే. వెనక వంటగది. రెండింటికీ మధ్య తలుపు లేదు, వెలిసిపోయిన తెర ఒకటి ఉంది. తెరకు ఇవతల గుగ్గిలం వాసన, టంకం పొగ, డబ్బాల నిండా మరలు. అవతల గిన్నెల చప్పుడు. ఏ వాసన ఎటునుంచి వస్తున్నదో ఆ ఇంటి ఇల్లాలికి తప్ప మరొకరికి తెలిసేది కాదు. బల్ల పైన, వైరుకు వేలాడుతూ ఒక మామూలు బల్బు ఉండేది. అది వెలుతురు కోసం కాదు. బాగుచేసిన యంత్రానికి మొట్టమొదట కరెంటు ఇచ్చేటప్పుడు ఆ బల్బు గుండా ఇస్తారు. లోపల అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒకసారి మెరిసి మందగిస్తుంది. లోపల ఏదైనా కాలి కలిసిపోయి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఆ గదిలో వెలుగు ఎక్కువగా ఉందంటే ఎవరి యంత్రమో పోయిందని అర్థం.

పాత ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరులో చివరి బరువంతా మోసేవి జంటగా ఉండే రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు. గిటారు మోగనప్పుడు కూడా వాటిలో కొద్దిపాటి కరెంటు పారుతూ ఉండాలి. అది తగ్గితే స్వరం గరగరలాడుతుంది. మించితే ఆ జంట వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ మరింత కరెంటు లాగుతుంది, లాగినకొద్దీ మరింత వేడెక్కుతుంది, చివరకు మాడిపోతుంది. ఆ కరెంటును తగినంతలో నిలపడాన్నే ఆ వృత్తిలోనివారు బయాస్ పెట్టడం అంటారు. ఇందుకు ఒక కాపలాదారు కూడా ఉంటుంది. అల్యూమినియం రెక్కల దిమ్మలో సన్నని గుంట ఒకటి తొలిచి, అందులో కందిగింజంత డయోడును కూర్చోబెడతారు. వేడిని కనిపెట్టి కరెంటును వెనక్కి లాగడం దాని పని. గుంట అడుగును అది తాకి ఉన్నంతవరకు జంట క్షేమంగా ఉంటుంది.

ఆయనకు ఈ విద్య నేర్పిన గురువు ఎత్తుపళ్ళవాడు, కోపిష్టి. శిష్యుడు మీటరు కేసి చూస్తూ కూర్చుంటే తల మీద మొట్టికాయ వేసి, ఆ చెయ్యి తీసుకుపోయి రెక్కల మీద పెట్టేవాడట.

"మీటరు ఇప్పుడేం జరుగుతోందో చెబుతుందిరా. వేలు ఇంకాసేపట్లో ఏం జరగబోతోందో చెబుతుంది. మీటరు ముళ్ళు తీసి ఇంకోచోట పెట్టుకో, అక్కడా చూడాల్సింది ఉంది. ఇక్కడ మాత్రం వేలే ఉండాలి."

అరచేయి వైపు కాకుండా వేలి వెనకభాగమే ఎందుకంటే, పనిచేసే మనిషికి అరచేయి కాయలు కాసి మొద్దుబారుతుంది, వెనకవైపు చర్మం పసిదిగానే ఉండిపోతుంది. ఆయన జీవితమంతా ఈ పాఠం మీదే నడిచింది. ఆయన పెళ్ళి కూడా దాని మూలంగానే జరిగింది.

ఆ రోజుల్లో ఒక నృత్యశాల వాద్యబృందానికి పెద్ద అయిన గిటారు వాద్యకారుడు తన పవర్ యాంప్లిఫయరు చెడిపోతే ఎత్తుపళ్ళ గురువుకు కబురు పంపాడు. గురువు శిష్యుణ్ణి ఆయన ఇంటికి పంపాడు. నల్లని ఇనుప పెట్టె, తోలు పిడి, వెనక అల్యూమినియం రెక్కలు. కుర్రవాడు దానిని ఉదయమే విప్పి, మధ్యాహ్నానికి పలికించి, ఆ తరవాత "ఆగండి" అని వేలు ఆనించి కూర్చున్నాడు. ఆ ఇంటి అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది, టీ తెచ్చింది, మళ్ళీ మంచినీళ్ళు తెచ్చింది. చివరకు తలుపు వెనక నిలబడి అన్నగారిని నెమ్మదిగా అడిగింది.

"ఈయన ఇవాళ వెళ్తాడా?"

"వేడెక్కాక వెళ్తాట్ట" అన్నాడు అన్నగారు, అందరికీ వినపడేటట్లు.

కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. వేలు మాత్రం కదలలేదు. ఇంటిపెద్ద ఆ వేలి వంక చాలాసేపు చూశాడు. ఏడాది తిరగకుండానే ఆ అమ్మాయి ఈ ముందుగది వెనకున్న వంటగదికి వచ్చింది. ఆమె అన్నగారు ఆయనకు బావ అయ్యాడు. ఆనాటినుంచి సందు దొరికినప్పుడల్లా ఆ బావ నోట వచ్చే మాట ఒకటి ఉంది.

"మా నాన్న పిల్లనిచ్చింది నీకు కాదోయ్. నీ వేలికి."

మామగారు పోయాక గిటారూ ఆ నల్లపెట్టే బావ చేతికి వచ్చాయి. బావ పెళ్ళి చేసుకోలేదు. అడిగినవారికి పెట్టె బరువే చాలునని చెప్పేవాడు. వీధి మలుపు దగ్గర మేడమీది గదిలో ఉంటూ, వారాంతాల్లో ఒక హోటలు భోజనశాలలో సాయంత్రాలు వాయించేవాడు. తింటున్నవారు తల ఎత్తి చూడరు, చప్పట్లు కొట్టరు. అయినా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని వెళ్ళేవాడు. కొత్త యాంప్లిఫయర్లు వాయించి చూడమని దుకాణాలవాళ్ళు పిలిస్తే వెళ్ళి, ఒక పాట వాయించి, మర్యాదగా గిటారు సర్దుకొని వచ్చేవాడు. చెవులు మునుపటంత పదునుగా లేవు. చిన్ననాటి నుంచి విన్న పెట్టెలోనైతే తన వేలు ఏ మెట్టు మీద ఉన్నదో తెలిసేది. మరోదానిలో తెలిసేది కాదు. ఈ సంగతి చెల్లెలికీ బావమరిదికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

కాలం గడిచినకొద్దీ ముందుగదికి వచ్చే యంత్రాలు తగ్గాయి. కొత్తవాటిలో బాగుచేయడమన్నది లేదు, సర్క్యూట్ పలక మొత్తం తీసి పారేసి మరొక పలక తగిలించడమే. పెద్ద ట్రాన్సిస్టర్లను చేసేవారు చేయడం మానేశారు. బజారులో అదే నంబరు అచ్చువేసి అమ్మేవి నకిలీలు. ఆగండిగారు ఒకసారి అలాంటిదాని ఇనుప టోపీని రంపంతో కోసి చూశారు. లోపల వేలిగోరంత ఉండవలసిన సిలికాన్ పలుకు ఆవగింజంత ఉంది. నిజమైన జత ఒకటే మిగిలింది ఆయన దగ్గర. వరదలో మునిగిన ఒక హాలులోంచి వచ్చిన, బావ పెట్టెకు తోబుట్టువులాంటి మరొక పెట్టె నుంచి తీసి, దగ్గుబిళ్ళల రేకు డబ్బాలో దూదిపరిచి దాచిన జత. ఎందరో అడిగినా ఆయన ఇవ్వలేదు. అది దేనికోసమో ఇంట్లో చెప్పుకోవలసిన అవసరం లేదు.

ఆయన దాచినది ఆ జత ఒక్కటే కాదు.

చక్కెర జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది. పాదాలు జాగ్రత్త అని వైద్యుడు చెప్పాడు. పాదాలను జాగ్రత్తగానే చూసుకున్నారు. వేళ్ళ సంగతి వైద్యుడు చెప్పలేదు, ఆయన అడగలేదు. మొదట చిన్న మరలు జారిపోసాగాయి. తరవాత, సోల్డరింగ్ ఐరన్ తగిలి బొబ్బ లేచినా అది ఎప్పుడు తగిలిందో తెలియకుండా పోయింది. అరచేయి వైపు కదా, కాయలు కాసిన చెయ్యి కదా అని సర్దిచెప్పుకున్నారు. వెనకవైపు మాత్రం పసిదిగానే ఉందని నమ్మారు. నమ్మకం కోసం ప్రతి ఉదయం ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఇల్లాలు టీ తేగానే గ్లాసుకు చూపుడువేలి వెనకభాగం ఆనించేవారు. వెచ్చగానే అనిపించేది. గ్లాసు మీంచి లేచే ఆవిరిని కళ్ళు ముందే చూసేవి. కళ్ళు చెప్పినదాన్ని వేలు ఒప్పుకొనేది. ఇంతకాలం నిజమే చెప్పిన వేలు కనుక దాని మాట మీద ఆయనకు అనుమానం కలగలేదు.

ఇల్లాలికి కలిగింది. ఒక ఉదయం ఆమె ఆలోచనలో ఉండి, పొయ్యి మీంచి దించిన టీని దించినట్లే స్టీలు గ్లాసులో పోసి, కొంగుతో పట్టుకొని తెచ్చింది. ఆయన ఆ గ్లాసును అరచేతినిండా పొదివి పట్టుకొని, ఏదో తీగను వెతుకుతూ మాట్లాడుతున్నారు. ఆమె చెయ్యి చాపబోయి ఆగిపోయింది.

"టీ చల్లారిపోయిందా?" అని మాత్రం అడిగింది.

"లేదు లేదు, సరిగ్గా ఉంది" అన్నారు ఆయన.

ఆమె తెర వెనక్కి వెళ్ళి, స్టీలు గ్లాసులు అటక మీద పెట్టి, పిడి ఉన్న పింగాణీ కప్పు తీసింది. మరునాటినుంచి అందులోనే టీ. ఆయన ఎందుకని అడగలేదు. అడిగితే ఆమె చెప్పి ఉండేదేమో. చెబితే ముందుగది మూతపడుతుంది; మూతపడ్డ గదిలో ఆయన ఏం చేస్తూ కూర్చుంటారో ఆమె ఊహించలేకపోయింది. కప్పు మార్చితే సరిపోతుందనుకుంది.

హోటలు భోజనశాలలో సర్వరు ఒకడు గిన్నెల బండిని తోసుకుపోతూ స్పీకరు తీగ మీంచి ఎక్కించాడు. తీగ నలిగి లోపలి రెండు పోగులూ కలిసిపోయాయి. పాట సగంలో పెట్టె గుర్రుమని మూగబోయింది. మేనేజరు నవ్వుతూనే వచ్చాడు. వెంటనే గోడకున్న స్పీకర్లలో రికార్డు చేసిన సంగీతం మొదలైంది. తింటున్నవారెవరూ తల ఎత్తలేదు.

"బాగుచేయించుకుని రండి. తొందరేం లేదు" అన్నాడట మేనేజరు.

బావ ఆ మాటను బల్ల ముందు కూర్చొని మళ్ళీ చెప్పాడు. "తొందరేం లేదుట. దానర్థం తెలుసుగా నీకు? వచ్చే వారాంతానికి ఇది పలికితే నేనున్నాను. పలకకపోతే ఆ గోడే నా బదులు వాయిస్తుంది."

"చూద్దాం బావా."

"ఫ్యూజు మాత్రం పోలేదోయ్. ఏం మర్యాదైన ఫ్యూజు."

"ఫ్యూజును కాపాడ్డానికి ట్రాన్సిస్టర్లు ముందే ప్రాణమిచ్చేస్తాయి. అదే వాటి ఉద్యోగం" అన్నారు ఆగండిగారు. ఇది ఆ వృత్తిలో అందరూ చెప్పుకొనే పాత హాస్యమే, ఇద్దరూ నవ్వారు.

పెట్టెకు బల్బు గుండా కరెంటు ఇచ్చారు. బల్బు నిండుగా వెలిగింది. ఊహించినదే. జంట పోయింది. బావ సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. వచ్చేదారిలో బజారులో కొన్న ట్రాన్సిస్టర్లు. ఆగండిగారు వాటి బరువు చూసి, పొట్లాన్ని మళ్ళీ కట్టి ఇచ్చేశారు.

"ఇవి చొక్కా బొత్తాలుగా కుట్టించుకో. నిక్షేపంగా ఉంటాయి."

అప్పుడు రేకు డబ్బా బయటికి వచ్చింది. దూది పసుపురంగుకు తిరిగింది. జత మాత్రం దాచిన నాటిలాగే మెరుస్తోంది. బావ తన తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకొని చూశాడు.

"ఇది పోతే?"

"ఇంకోటి లేదు."

"అయితే పోనియ్యకు."

తెర పక్కన నిలబడి ఇల్లాలు ఇదంతా వింటోంది. బావ వెళ్ళిపోయాక ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఈ ఒక్కటీ ఇంకెవరిచేతైనా చేయిస్తే?"

ఆయన తల ఎత్తారు. "ఎవరిచేత?"

"ఎవరైనా. పెద్ద దుకాణంవాళ్ళున్నారుగా."

"వాళ్ళు పలక మారుస్తారు. దీనికి పలకలు దొరకవు. మీ నాన్నగారి పెట్టె, మీ అన్నయ్య పెట్టె, దీన్ని వాళ్ళకిమ్మంటావా? నా చేతికేమైంది?"

ఆమె ఆయన చేతి వంక చూసింది. బొటనవేలి పక్కన, ఎప్పుడో కాలిన మచ్చ తేనెరంగులో ఎండిపోయి ఉంది. కప్పు తీసుకొని లోపలికి వెళ్ళింది.

మర్నాడు ఉదయం ఎండ బల్ల మీద పడే వేళకు పని మొదలుపెట్టారు. పాత జతను విప్పారు. అభ్రకం రేకులు మార్చారు. కొత్త జతకు అడుగున, వేడిని రెక్కలకు అందించే తెల్లని పేస్టు పల్చగా రాసి, మరలు బిగించారు. మర ఒకటి రెండుసార్లు జారి కింద పడితే, వంగి, వేళ్ళతో తడుముకోకుండా కళ్ళతో వెతికి తీసుకున్నారు. ఎలాగో ప్రతిదీ బిగిసింది. ఇక డయోడు. గుంట లోతు కంటికి కనపడదు. వేలితో నెట్టితే అడుగుకు తగిలి ఆగినట్లు చిన్న బిగువు తెలుస్తుంది; ఆ బిగువే గుర్తు. ఏళ్ళనాటి పాత పేస్టు గుంట నోటిదగ్గర రాయిలా గడ్డకట్టి ఉంది. డయోడు దానికి తట్టుకొని ఆగిపోయింది. ఆయన నెట్టారు. ఆగింది కనుక అడుగుకు చేరిందనుకున్నారు. పేస్టు గడ్డ మెత్తగా ఆపుతుంది, లోహం గట్టిగా ఆపుతుంది. ఆ తేడా ఒకప్పుడైతే ఆయనకు నిద్రలో కూడా తెలిసేది. పైన క్లిప్పు వేసి మూసేశారు.

బావ తెల్లచొక్కాతో, గిటారుతో వచ్చాడు.

"ఏమోయ్ ఆగండిగారూ, ఎందాకా వచ్చింది?"

"కూర్చో బావా. బల్బు చూడు."

కరెంటు ఇచ్చారు. బల్బు ఒకసారి మెరిసి, తగ్గి, తీగ ఎర్రగా కనపడీ కనపడనట్లు నిలిచింది. ముందుగది మళ్ళీ మామూలు మసకచీకటితో నిండింది. ఆ ఇంట్లో అంతకంటె మంచి శకునం లేదు. బావ చిన్నగా ఊపిరి వదిలాడు. తెర కాస్త తొలగింది. ఇల్లాలి ముఖం కనపడింది.

"బాగుందా అన్నయ్యా?"

"బల్బు ఆరిందమ్మాయ్. మీ ఆయన ముఖం ఇంకా వెలగలేదు."

బల్బును అడ్డుగా పెట్టి బయాస్ పెట్టడం కుదరదు. పూర్తి కరెంటు అందితేగాని అసలు సంగతి తెలియదు. అందుచేత ఆయన బల్బును తప్పించారు. మీటరు ముళ్ళు ఆనించి, ప్రీసెట్ అనే చిన్న తిరుగుడు బిళ్ళను స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. మీటరులోని సూది ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచింది. పని తప్పు లేకుండా జరిగింది, చల్లగా ఉన్న యంత్రానికి. ఆ తరవాత ఎప్పటిలాగే మీటరు ముళ్ళను అక్కడినుంచి తీసి స్పీకరు వైపు వోల్టేజి చూడడానికి పెట్టుకున్నారు. ఎప్పటిలాగే చూపుడువేలి వెనకభాగాన్ని రెక్కల మీద ఆనించారు.

"గిటారు తగిలించనా?"

"ఆగు బావా. వేడెక్కనీ."

"పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆగుతూనే ఉన్నాను. మా చెల్లెలు అప్పుడే అడిగింది, ఈయన వెళ్తాడా అని. నువ్వు వెళ్ళనేలేదు, అదే వచ్చేసింది."

"అన్నయ్యా, చాల్లే" అని తెర వెనకనుంచి వినిపించింది.

ఆగండిగారు కిటికీలోంచి వీధిని చూస్తూ నవ్వారు. ఎండ బాగా కాస్తోంది. మేనేజరు ముఖం ఎలా మారుతుందో బావ అనుకరించి చూపించాడు. మొదట ఏ పాట వాయించాలో ఇద్దరూ వాదించుకున్నారు. మామగారికి ఇష్టమైన పాట అని ఒకరు, అది వింటే తినేవారు చెంచాలు కింద పెట్టేస్తారని మరొకరు. వేలు చెబుతున్నదల్లా ఒకటే: చల్లగా ఉంది, ఇంకా చల్లగా ఉంది. ఇంత నెమ్మదిగా వేడెక్కుతున్నదంటే బయాస్ అద్భుతంగా కుదిరిందని ఆయనకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో మీటరు ముళ్ళను మళ్ళీ వెనక్కి పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. వచ్చినా పెట్టేవారు కాదేమో. ఎత్తుపళ్ళ గురువు మొట్టికాయ ఇంకా ఆ తల మీదే ఉంది.

తెర తీసి ఇల్లాలు వచ్చింది.

"ఏమండీ, ఏదో మాడుతున్న వాసన."

"పొయ్యి చూసుకో."

ఆమె వెళ్ళి చూసింది. పొయ్యి ఆర్పేసే ఉంది. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె త్వరగా వెనక్కి వచ్చి బల్ల పక్కకు చేరింది. రెక్కల మధ్యనుంచి ఎండలోకి సన్నని పొగ లేస్తోంది. రెక్కల మీద ఆయన వేలు ఆనించే ఉంది. ఆమె ఇంకోవైపున వేలికొన తాకించి, చురుక్కుమని లాక్కుంది.

"వేలు తియ్యండి" అన్నది. గొంతు పెద్దది కాలేదు. "ఏమండీ, కాలిపోతోంది. వేలు తియ్యండి."

ఆయన ముందు ఆమె ముఖం చూశారు, తరవాత తన వేలు చూసుకున్నారు. వేలు తీశారు. చర్మం కొంత రెక్కకే అంటుకొని ఉండిపోయింది. స్విచ్చు వైపు చెయ్యి పోయేలోగా పెట్టెలో టప్పుమని చిన్న చప్పుడైంది. తరవాత మరొకటి. ఆఖరున, జంట కాపాడిన ఫ్యూజు కూడా పోయింది.

వీధిలో సైకిలు గంట ఒకటి వినిపించి దూరమైంది.

ఆయన లేచి, ఫ్యూజు మార్చి, బల్బును మళ్ళీ తగిలించి, కరెంటు ఇచ్చారు. ఇవ్వవలసిన అవసరం లేదు. బల్బు నిండుగా వెలిగింది. పట్టపగలు ఆ గది మూలలన్నీ కనిపించాయి: డబ్బాలు, దుమ్ము, ఖాళీ రేకు డబ్బాలో పసుపుపచ్చని దూది. క్లిప్పు తీసి, పట్టకారుతో డయోడును బయటికి లాగి, వెలుగులో పెట్టి చూశారు. దాని కొనకు పేస్టు గడ్డ ముక్క అంటుకొని ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టారు. లోపలి పలక మాడి రాగి గీతలు పొట్టులా లేచిపోయాయి. మరో రకం ట్రాన్సిస్టర్లతో ఆ పెట్టెను మళ్ళీ పలికించడం అసాధ్యమేమీ కాదు. కాని అందుకు పలకనంతా తీగ తీగగా మళ్ళీ కట్టుకురావాలి, అందుకు వేళ్ళు కావాలి.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు బావ. అడిగింది ఆయనను కాదు, చెల్లెలిని.

ఆమె తడిగుడ్డ తెచ్చి ఆ వేలికి చుడుతోంది. చుడుతూ, ఆయన వంక చూడకుండా అన్నది.

"స్టీలు గ్లాసులు తీసేసిన రోజే చెప్పాల్సింది."

ఆయనకు అప్పుడు పింగాణీ కప్పు అర్థమైంది.

"నాకూ లోలోపల తెలుసులే" అన్నారు. "తెలియనట్టు నేనూ టీ తాగాను."

బావ పెట్టె పిడి మీద చెయ్యి వేశాడు. ఇంతకాలంలో ఎన్నడూ లేనిది, ఎవరూ వారించలేదు. అతడే ఆగి, బావమరిది వంక చూశాడు. హాస్యమాడబోయేముందు అతడి కనుబొమ ఒకటి పైకి లేచేది. అది సగం లేచి దిగిపోయింది.

"ఆగమంటావా?"

"వద్దు బావా. ఆగకు" అన్నారు ఆగండిగారు.

బావ పెట్టెను అక్కడే వదిలి, గిటారు ఒకటే తీసుకొని మెట్లు దిగాడు. వీధి మలుపు దాకా తెల్లచొక్కా కనిపించింది. ఆ వారాంతం అతడు హోటలుకు వెళ్ళలేదు. హోటలువారు కబురు పంపలేదు. తొందరేం లేదని ముందే చెప్పారు కదా. ఇప్పుడు సాయంత్రాలు తన గదిలో ఒక్కడే వాయించుకుంటాడు. గిటారుకు ఏ పెట్టె తగిలించడు. తీగలు మీటుతున్న చప్పుడు మేడమెట్ల దాకా వస్తుంది, స్వరం మాత్రం రాదు. తనకు వినపడుతుందో లేదో అతడు చెప్పడు.

ముందుగదిలో బల్ల అలాగే ఉంది. నల్లపెట్టె దాని మీదే ఉంది, మూత లేకుండా. ఆ వేలు మానడానికి చాలాకాలం పట్టింది; మానిన చోట చర్మం నున్నగా, లేతగా, గులాబిరంగులో కొత్తగా వచ్చింది. చూసినవారెవరైనా దానికి అన్నీ తెలుస్తాయనుకుంటారు. ఇంకా అప్పుడప్పుడు ఎవరో ఒకరు మూగబోయిన యంత్రాన్ని మోసుకొని వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆయన మర్యాదగా స్టూలు చూపిస్తారు, యంత్రాన్ని చూసి ఏం పోయిందో కూడా చెబుతారు, ఆపైన తీసుకుపొమ్మంటారు.

ఉదయం ఇల్లాలు టీ తెస్తుంది. ఇప్పుడు దాపరికం లేదు కనుక స్టీలు గ్లాసులు అటక మీంచి మళ్ళీ దిగాయి. గ్లాసును ఆమె బల్ల చివర పెట్టి, ఆయన చెయ్యి చాపగానే, "ఆగండి, వేడిగా ఉంది" అంటుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకొని, ఆవిరి తగ్గిందని ఆమె చెప్పేదాకా కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంటారు.